పెరుగు గిన్నె పక్కన ఫిలిం డబ్బా

శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలు. ఈ బరువు నా మీద పడింది అప్పుడే. పడింది అంటున్నాను కానీ, నేనే ఎత్తుకున్నాను. ముప్పై ఆరేళ్ళుగా దింపలేదు. భర్తకు చెప్పకముందే ఆయన పోయాడు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సిద్దిపేట. మా బట్టల దుకాణం మూతపడ్డాక నేను గల్ఫ్‌లో ఒక చిన్న దేశానికి పనికి వెళ్ళాను. అక్కడ కుట్టుమిషన్ల సెంటర్ చూసుకుంటున్నానని బంధువులందరికీ చెప్పుకున్నాము. నిజానికి ఒక ఇంట్లో వంట చేసి గిన్నెలు తోమేదాన్ని. ఆ సంగతి నా భర్తకు ఒక్కడికే తెలుసు.

ఆ ఇంటి మేడం సినిమాలు తీసేది. ఆ దేశంలో ఆ పనికి పూనుకున్న మొదటి ఆడమనిషి ఆమే. నన్ను "అక్కా" అని పిలిచేది, ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది. నేను పప్పుచారు చేసిన రోజు వంటింట్లో నేల మీదే కూర్చుని తినేది, తింటూ తన సినిమా కథ చెప్పేది. ఫలానా చోట బాగాలేదని నేనంటే ముఖం ముడుచుకునేది. రెండు రోజులయ్యాక చూస్తే అది మార్చి ఉండేది.

మొదటి పెద్ద సినిమాకు ఆమె తల్లిని తీయాలనుకుంది. ఆ పెద్దావిడ జీవితంలో ఫొటోకు ఎన్నడూ ముఖం చూపలేదు. ఆడవాళ్ళ గదిలోకి మగ కెమెరామెన్ రాకూడదు. అందుకని మేడమే ఊళ్ళో మగవాళ్ళు నవ్వుతున్నా కెమెరా పట్టడం నేర్చుకుంది. ఒక పొద్దున తల్లి గదిలో తలుపు వేసుకుని తీసింది. పెద్దావిడ జడ విప్పి దువ్వుకుంటూ, తన పెళ్ళినాటి సంగతులన్నీ చెప్పిందట. మధ్యాహ్నం మేడం అదే కెమెరాతో వంటింట్లోకి వచ్చి, నేను గిన్నెలు తోముతుంటే నన్నూ తీసింది. వద్దని అనలేకపోయాను. తీసిన ఫిలింను డబ్బాలో పెట్టి, టేపు చుట్టి, ఫ్రిజ్‌లో నా పెరుగు గిన్నె పక్కన ఉంచింది. బొమ్మా మాటా రెండూ ఆ ఫిలిం మీదే ఉంటాయని, వెలుతురు సోకితే అందులో ఉన్నవాళ్ళంతా చెరిగిపోతారని చెప్పింది.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. సినిమా అన్నది ఎక్కడ తీసినా ఎప్పటికైనా సిద్దిపేట టాకీసుకు వస్తుందని నా నమ్మకం. మా వాళ్ళంతా బెంచీల మీద కూర్చుని ఉంటారు, తెర మీద నేను పరాయి ఇంట్లో అంట్లు తోముతుంటాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు చెమటలు పట్టేవి.

ఆ శుక్రవారం మగవాళ్ళు నమాజుకు వెళ్ళారు. మేడం తల్లిని తీసుకుని చుట్టాలింటికి వెళ్ళింది. నేను డబ్బా తీసుకుని డాబా మీదికి వెళ్ళి, టేపు విప్పి, ఆ ఫిలింను ఎండలో పూర్తిగా పరిచాను. మళ్ళీ చుట్టి, మళ్ళీ టేపు వేసి, ఫ్రిజ్‌లో పెట్టాను. అన్నం వండే వేళకు పని అయిపోయింది.

ఫిలింను కడిగి బొమ్మ తేల్చడానికి ఆ డబ్బాను వేరే దేశం పంపారు. కబురు వచ్చేసరికి పెద్దావిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ సాయంత్రం మేడం వంటింట్లోకి వచ్చి గోడకానుకుని కూర్చుంది. ఆమెకు వచ్చిన హిందీ, నాకు వచ్చిన అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. కానీ ఆ మాటలు నాకు గుర్తున్నది మా భాషలోనే.

"అక్కా, ఫిలిం మొత్తం ఖరాబైందట. ఒక్క బొమ్మ లేదు."

"మిషన్ల తప్పుండచ్చు మేడం."

"మిషన్‌ది గాదు. నా చేతులది. నాకు కెమెరాల ఫిలిం ఎక్కించుడు రాదని గా మగోళ్ళు ముందుగాలనే అన్నరు."

"గట్లంటరేంది. అయినా అండ్ల నా గిన్నెలే గద ఉన్నయి."

"నీ గిన్నెలు ఆఖరుకున్నయి. మొదలంత మా అమ్మనే. కొంచెం ఫిలిం మిగిలితే పారేస్తరా ఎవలన్న? నిన్ను దీసిన." కొంచెం నవ్వింది. "నువ్వు మల్ల తోమ్మంటే తోముతవు. మా అమ్మను మల్ల చెప్పుమంటే ఎట్ల చెప్తది?"

పొయ్యి మీద చాయ పొంగింది. నేను దించలేదు.

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. ఆమె నన్ను అక్కా అనడం మానేస్తుందని. తల్లిది వేరే డబ్బా అనుకున్నానని, అదే ఫిలింలో తల్లి ఉందని తెలిస్తే ఆ డబ్బా ముట్టేదాన్ని కాదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా అని ఇప్పుడు అడుగుతున్నాను. భయం అంత ఉన్నప్పుడు, ఏమో, ముట్టేదాన్నేనేమో.

ఇంకో ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. వచ్చేసిన తర్వాత కూడా ఆమె ప్రతి రంజాన్ పండుగకు ఫోన్ చేసేది, పప్పుచారుకు చింతపండు ఎంత వేయాలని ప్రతిసారీ అడిగేది. ప్రతిసారీ నేను చింతపండు లెక్కే చెప్పాను. నాలుగేళ్ళ కింద ఫోన్ రావడం ఆగిపోయింది. పోయిందని ఆమె చెల్లెలు కబురు పెట్టింది.

మొన్న మా మనవరాలు ఫోన్‌లో వెతికి ఆమె సినిమాలు చూపించింది. ఆ తర్వాత ఆమె నాలుగు సినిమాలు తీసింది, నాలుగింటికీ కెమెరా మగవాళ్ళదే. ప్రతి దాంట్లోనూ ఆడవాళ్ళ గది వస్తుంది. కెమెరా గడప దాకా వెళ్ళి ఆగుతుంది. లోపలి నుంచి మాటలు మాత్రం వినపడతాయి. ఎందుకలా అని ఒక పిల్ల ఇంటర్వ్యూలో అడిగింది. "నా చేతులు నమ్మదగినవి కావు" అని మేడం నవ్వేసింది. మనవరాలు చదివి చెప్పింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మేడం, మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. మీరు సరిగ్గానే ఎక్కించారు. నేను కుట్టుమిషన్ల సెంటర్ చూసుకోలేదు, మీ ఇంట్లో గిన్నెలు తోమాను, మీ ఫిలిం ఎండలో వేశాను. ఈ మూడు మాటలు ఈ రోజు రాశాను. క్షమించమని అడగడానికి మనిషి లేదు. అయినా రాసిన తర్వాత ఊపిరి కొంచెం ఆడుతోంది.

పోయినవి ఇవి. ఒక డబ్బా ఫిలిం. ఒక పెద్దావిడ ముఖం, ఆమె గొంతు, ఆమె పెళ్ళినాటి సంగతులు. నాలుగు సినిమాల్లో నాలుగు గదులు. మేడం చేతుల్లోంచి ఒక కెమెరా.