కంటికింద వదిలేసిన చోటు

కాదు బావా, నిన్న నువ్వన్నది తప్పు. "ఆమె మాట వినే కదరా నీ బిడ్డ బుగ్గ గట్లయింది? ఆమె పోతే నీకేంది ఏడుపు?" అని ఆటోస్టాండులో అందరి ముందూ అన్నావు. నేను బండి తీసుకుని వెళ్లిపోయాను. ఇప్పుడు నీకూ, ఇది చదివే అందరికీ చెబుతున్నాను. ఆ మాట పుట్టించింది నేనే.

మా ల్యాబమ్మ ఆదివారం చనిపోయింది. భద్రాచలంలో ఒక చిన్న దవాఖానాలో రక్తపరీక్షలు చేసేది. బూర్గంపాడు నుంచి రోజూ నా షేర్ ఆటోలోనే వెళ్లేది. సీట్లు నిండకముందే నేను కదిలితే వెనక నుంచి, "ఇంకొక్కల్ని రానీయ్. ఏడికి ఉరుకుతున్నవ్?" అనేది.

నా బిడ్డ పుట్టిన మూడో వారంలో బుగ్గ మీద ఎర్రమచ్చ లేచింది. మూడో నెలకల్లా అది ఉబ్బి కంటికింది దాకా పాకింది. ఆ దవాఖానా డాక్టరే చూసి, రక్తనాళాల గడ్డ, క్యాన్సర్ కాదన్నాడు. కన్ను మూసుకుపోనంత వరకు దాన్ని ముట్టుకోవద్దు, నెలనెలా తెచ్చి చూపించమన్నాడు. మందు రాయని డాక్టరు ఏం డాక్టరని నేను ల్యాబు గుమ్మంలో నిలబడి అరిచాను. ఆమె కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని లోపలికి రమ్మంది. మైక్రోస్కోపు కింద ఒక గాజుపలక పెట్టింది. ఎప్పుడో ఎవరో పిల్లకు కోసి తీసిన ఇలాంటి గడ్డ ముక్క అది.

"ఒక కన్ను మూయమంటే రెండూ మూస్తివేందయ్యా!"

ఊదారంగు చుక్కలు సందు లేకుండా కిక్కిరిసి ఉన్నాయి.

"రక్తనాళం లోపలి గోడకు ఉండే కణాలివి. ఒకటి రెండయితది, రెండు నాలుగయితయ్. మొదటి ఏడాది గిట్లనే ఉరుకుతయ్, అచ్చం నీ లెక్క."

అది తీసి, కాస్త పెద్ద పిల్లకు తీసిన గడ్డది రెండో పలక పెట్టింది. ఇందులో నాళాలు అక్కడొకటి, ఇక్కడొకటి. మధ్యలో తెల్లటి గుండ్రాలు.

"ఇది కొవ్వు. పెరుగుడు ఆగినంక ఆ కణాలు మెల్లమెల్లగ చచ్చిపోతయ్. వాటి జాగల కొవ్వు చేరుతది. ఏండ్లు పడ్తది."

"ఆగాలని వాటికెట్ల తెలుస్తది?"

"నాకు తెల్వదు. పెద్ద చదువులోళ్లే ఇంకా దేవులాడుతున్నరు."

ఎనిమిదిలో బడి మానేశాక నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. నాకు అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

నెల తిరగకముందే చర్ల వైపు కిరాయికి వెళ్లి, బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజలు తెచ్చాను. దాని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. పులిపిర్లు రాలతాయంటారు కదా, ఇది రాలదా అనుకున్నాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని వద్దంది. విదిలించుకుని సూదిమొనతో బిడ్డ బుగ్గ మీద అద్దాను. కంటి దగ్గరికి వచ్చేసరికి భయమేసి ఆపేశాను.

బిడ్డ మూడు రోజులు ఏడ్చింది. బుగ్గ పుండయింది. నువ్వు ఏమైందని అడిగితే, "ల్యాబమ్మ వదిలెయ్యమన్నది, అందుకే పగిలింది" అన్నాను. ఆ మాట ఊరంతా తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుని ఆమె దగ్గరికి సలహాకు వచ్చే తల్లులు రావడం మానేశారు. ఆటోలో ఆమెకు దూరంగా జరిగి కూర్చునేవాళ్లు. నేను అద్దంలో చూస్తూ బండి నడిపేవాణ్ని.

ఆమెకు తెలుసు. దవాఖానాలో పుండు కడిగిన రోజే నల్లటి అంచు చూసి, జీడి అని గుర్తుపట్టి, "ఇంకెవ్వరికీ పెట్టకు" అంది. అంతే. ఎవరి దగ్గరా నా పేరు ఎత్తలేదు.

బిడ్డకిప్పుడు ఐదేళ్లు. పోయిన నెల ఆటో ఎక్కబోతూ ఆమె దాని గడ్డం పట్టి వెలుతురుకు తిప్పింది. నేను జీడి పెట్టని చోట, కంటికింద, ఎరుపే లేదు. కాస్త వదులైన చర్మం, అంతే. దాని కిందే నేను కాల్చిన మచ్చ, ముడతలు పడి, నిగనిగలాడుతూ.

"చూసినవా, ఆ కణాలు పోయినయ్!" అంది, ఆ చోటే నిమురుతూ. మచ్చ సంగతి ఎత్తలేదు.

ఆటోలో నలుగురున్నారు. అప్పుడే చెప్పాల్సింది. ఇంజను స్టార్ట్ చేశాను.

ఈ రోజు పదింటికి ఆమె కోసం ప్రార్థన పెట్టారు. మాట్లాడేవాళ్లు మాట్లాడొచ్చన్నారు. నువ్వూ రా బావా, బిడ్డ బుగ్గను అందరికీ చూపిస్తాను. బిడ్డ అప్పుడే ఆటో ఎక్కి కూర్చుని, అద్దం తన వైపు తిప్పుకుని, ఆగకుండా హారన్ నొక్కుతోంది. నేను పోవాలి.