గొంతు నొప్పి కాదు, నత్తి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనకూడని మాట ఒకటి ఉండేది. అది తిట్టు కాదు, బూతు అంతకన్నా కాదు. నత్తి. అది నాకుండేది కాబట్టి ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

మా నాన్న జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ రైల్వేలో పనిచేసేవారు. స్టేషను వెనక క్వార్టర్లలో ఉండేవాళ్లం. చుట్టుపక్కల చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. వాళ్లందరి దృష్టిలో నేను నెమ్మదైన పిల్లని. అల్లరి చేసే తమ పిల్లలకు నన్ను చూపించి బుద్ధి చెప్పేవారు. ఆ మెప్పు నాకు బాగానే ఉండేది. మాట్లాడలేక ఊరుకుంటున్నానన్న సంగతి మరిచిపోయి, మాట్లాడటం ఇష్టం లేక ఊరుకుంటున్నానని నమ్మడం మొదలుపెట్టాను. గలగలా మాట్లాడే పిల్లలంటే కాస్త చులకన కూడా ఉండేది.

బడిలో మాత్రం ఊరుకుంటే కుదరదు. లేచి పైకి చదవమంటారు. అందుకని గొంతు నొప్పి తెచ్చిపెట్టుకున్నాను. మెడకు ఎర్ర మఫ్లర్ చుట్టుకుని, వేలితో గొంతు చూపిస్తే టీచర్లు కూర్చోమనేవారు. అమ్మ మిరియాల పాలు ఇచ్చేది. డాక్టరు గారు నోరు తెరిపించి, టార్చి వేసి చూసి, ఏమీ లేదనేవారు. ఏమీ లేదంటే నాకు కోపం వచ్చేది. ఎందుకంటే అప్పటికి మింగుతుంటే నిజంగానే నొప్పి పుడుతున్నట్టుండేది. జంషెడ్‌పూర్ ఎండలకు రోడ్డు మీద తారు మెత్తబడే రోజుల్లో కూడా ఆ ఉన్ని మఫ్లర్ నా మెడను వదల్లేదు.

ఆ ఏడాదే మా మేనత్త మా ఇంటికి వచ్చింది. అత్తవారింట్లో పడలేక, ఒక ట్రంకు పెట్టెతో రైలెక్కి వచ్చేసింది. చదువు లేదు. హిందీ అసలే రాదు. అయినా వచ్చిన కొద్దిరోజులకే కూరగాయలవాడితో, పాలవాడితో, రిక్షావాడితో హిందీలోనే పోట్లాడేది. ఆమె హిందీలో ఆడామగా తేడా ఉండేది కాదు. మాట దొరకని చోట తెలుగు మాట వేసి చివర ‘హై’ తగిలించేది. వీధంతా నవ్వేది. నాకు హిందీ చక్కగా వచ్చు, కాకపోతే మనసులోనే. బజారుకు వెళితే ఆమె ఎవరో నేనెవరో అన్నట్టు కాస్త వెనగ్గా నడిచేదాన్ని.

ఒక ఆదివారం అందరం అన్నం తింటున్నాం. అత్త నన్నేదో అడిగింది. నేను అలవాటుగా గొంతు చూపించాను. ఆమె ముద్ద కలపడం ఆపి, “ఒలే, నీ గొంతుకేటీ అవనేదు. నీకు నత్తి,” అంది.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న తల దించుకుని కంచంలోకి చూశారు.

“సిన్నపిల్లతో అనే మాటేటి అది?” అని అమ్మ మండిపడింది.

“ఉన్న మాటే కదొదినా. నాకు హిందీ రాదు, దానికి నత్తి. ఏటి దొంగతనం సేసేమని దాసుకోడం?” అంటూ అత్త మళ్లీ ముద్ద కలుపుకుంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. పడుకునే దాకా ఆమె మొహం చూడలేదు.

ఆ వారంలోనే బిష్టుపూర్ బజారులో కొన్న నా యూనిఫాం గుడ్డను కుట్టడానికి ఇచ్చే ముందు నీళ్లలో నానబెడితే, బకెట్టంతా నీలంగా మారింది. అత్త తడిగుడ్డను పిండి, సంచిలో వేసుకుని, మార్చుకొద్దాం పదమంది. ఆమె పోట్లాడుతుంది, నేను పక్కన నిలబడితే చాలనుకుని బయల్దేరాను. రిక్షా దిగగానే ఆమె నా మెడ మీది మఫ్లర్ విప్పి, తన మెడకు చుట్టుకుంది. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే దుకాణం లోపల ఉన్నాం. దుకాణదారు ఏం కావాలని అడిగితే, మా వీధి మొత్తంలో పెద్ద నోరున్న మా అత్త వేలితో తన గొంతు చూపించి, నొప్పి అన్నట్టు తల ఊపి, నన్ను ముందుకు తోసింది.

నేను మొదలుపెట్టాను. “క... క...” దగ్గరే మాట చిక్కుకుంది. ఆయన మంచివాడే. నాకు సాయం చేద్దామని, “కప్డా? కౌన్‌సా కప్డా, బేటీ?” అని ఒక తాను దింపాడు. అది కాదని తల ఊపాను. ఇంకొకటి దింపాడు. “రిబ్బనా?” అన్నాడు. “చెల్లెలికా?” అన్నాడు. నేను ఒక్కో అక్షరం దగ్గర ఆగినప్పుడల్లా ఆయన నా మాటను తనకు తోచిన చోటికి లాక్కుపోతున్నాడు. గుడ్డలు మడతపెట్టే కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. వెనక్కి తిరిగి అత్త వైపు చూశాను. ఆమె మఫ్లర్ సవరించుకుంటోంది.

అప్పుడు నాలో ఏదో తెగింది. బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాను. “మ... మై... బోలూంగీ!” అన్నాను. నేను చెబుతాను అని. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ రంగు పోతోందనీ, మార్చి ఇవ్వాలనీ చెప్పడానికి నాకెంతసేపు పట్టిందో తెలియదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ మాట పూర్తయింది. నేను చెప్పాలనుకున్నదే చెప్పాను, ఆయన ఊహించింది కాదు. గుడ్డ మార్చి ఇచ్చాడు.

బయటికి రాగానే ఏడ్చాను. కోపంతో. అత్త మఫ్లర్ తీసి సంచిలో కుక్కి, మామూలు గొంతుతో అంది: “నా మీద కోపమా? ఉండనీ. నేను హిందీ మాటాడితే ఈధంతా నవ్వుతాది. నవ్వనీ. నాకు రాదని నాకే తెల్సినాక ఆల్లు కొత్తగా సెప్పేదేటి?”

తిరిగి వస్తూ రిక్షాలో ఒక సంగతి తెలుసుకున్నాను. నా గొంతు నొప్పి ఎవరినీ మోసం చెయ్యలేదు. టీచర్లకు తెలుసు, అమ్మకు తెలుసు, డాక్టరుకూ తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

తర్వాత కొద్దిరోజులకు హిందీ నోటి పరీక్ష వచ్చింది. ఒక పద్యం అప్పజెప్పాలి. మా హిందీ టీచరు దయగల మనిషి. నా వంతు రాగానే, గొంతు బాలేదు కదా, రాసి ఇచ్చెయ్, మార్కులు వేస్తానంది. కాగితం కూడా చేతికిచ్చింది. ఆ కాగితం తీసుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను దాన్ని ఆమె బల్ల మీదే పెట్టేశాను. గొంతు బాగానే ఉంది, నాకు నత్తి ఉంది, కాస్త ఆలస్యమవుతుంది, నోటితోనే చెబుతానన్నాను. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికే చాలాసేపు పట్టింది. నత్తి అన్న మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. పిల్లలు నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగి, మొదలుపెట్టాను. సగంలో గంట కొట్టారు. అయినా కూర్చోలేదు. చివరి పాదం అయ్యాకే కూర్చున్నాను.

తరగతిలో అందరికన్నా తక్కువ మార్కులు నాకే వచ్చాయి. అమ్మ నొచ్చుకుంది. అత్త చేపలు తోముతూ, “మొత్తం సెప్పేవా?” అని మాత్రం అడిగింది. చెప్పానన్నాను. “అయితే సరి,” అని మళ్లీ పనిలో పడింది.

ఆ తర్వాత ఏదో అద్భుతం జరిగి నా నాలుక తిరిగిందని చెబితే వినడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. నా పెళ్లిచూపుల్లో ఒక సంబంధంవాళ్లు నా మాట పూర్తి కాకముందే లేచి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినాయన చివరిదాకా కూర్చుని విన్నారు. ఆయననే చేసుకున్నాను.

ఇప్పుడు ఈ ఊళ్లోనే, కద్మాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ మధ్య ఏ పనికి ఫోను చేసినా మనిషికి బదులు యంత్రం పలుకుతోంది. పేరు చెప్పమంటుంది. నా పేరులో మొదటి అక్షరమే నాకు అన్నిటికన్నా గడ్డు. అది దాటేలోపే అర్థం కాలేదని యంత్రం ఫోను పెట్టేస్తుంది. మా మనవరాలు పక్కనుంచి, “దాదీ, మై బోల్ దూఁ?” అని, నా బదులు తను చెబుతానంటూ చెయ్యి చాపుతుంది. దాని ప్రేమ నాకు తెలుసు. అయినా ఇవ్వను. నత్తి నాదే, పేరూ నాదే. మళ్లీ నంబరు నొక్కుతాను.