టైలరుగారమ్మాయి పెళ్ళినాటి వాన

ఎనభైల మొదట్లో తెనాలిలోని మా వీధిలో ఏ ఇంటికీ ప్రహరీ గోడ లేదు. మబ్బు పడితే డాబాల మీది వడియాలు ఎవరివైనా సరే, ముందు చూసినవాళ్ళే పరుగెత్తి ఎత్తేవాళ్ళు. మా ఎదురిల్లు టైలరుగారిది. ఆయన్ని అమ్మ అన్నయ్యగారూ అనేది, ఆయన భార్యను వదినా అనేది. రంజానుకి వాళ్ళింటి సేమ్యా పాయసం మాకు వచ్చేది.

తర్వాత టీవీలు వచ్చాయి. ఓ వేసవిలో వీధి చివర ఇంట్లో దొంగలు పడ్డారు. దాంతో ఒకరిని చూసి ఒకరు గోడలు లేపారు. రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి ఉద్యోగం చేసుకొచ్చే మా నాన్న అందరికంటే ఎత్తుగా కట్టించి, ఇనుప గేటు పెట్టించారు. తొంభైలు వచ్చేసరికి పక్కింట్లో ఎవరికి జ్వరమొచ్చిందో కూడా మాకు తెలిసేది కాదు. టైలరుగారి అమ్మాయికి సంబంధం కుదిరిందన్న సంగతి శుభలేఖ చూశాకే తెలిసింది. ఆ రోజంతా అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

పెళ్ళికి వీధిలోనే షామియానా వేశారు. మగపెళ్ళివారు రేపల్లె నుంచి ఉదయం రైలుకి దిగారు. నిఖా అయింది. భోజనాలకు కూర్చోబోతుండగా వాన అందుకుంది. షామియానా నీళ్ళు నిండి వేలాడి, చూస్తుండగానే ఓ పక్కకి కూలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ, టైలరుగారి రెండు గదుల్లో ఆడవాళ్ళకే చోటు చాల్లేదు. మగవాళ్ళంతా తడుస్తూ నిలబడ్డారు.

నేను వరండాలోంచి చూస్తున్నాను. అమ్మ కొంగు నెత్తిన వేసుకుని వెళ్ళి గేటు రెండు తలుపులూ బార్లా తెరిచింది. వచ్చినవాళ్ళని మా ఇంట్లోకి పంపమని టైలరుగారిని పిలిచి చెప్పింది. ఆయన అమ్మ వెనకాలే వచ్చిన నాన్న వైపు చూశాడు.

"ఇల్లంతా బురదవుతుందండి," అన్నాడు.

నాన్న గేటు దాటి ముందుకొచ్చారు. "ఇల్లు కడుక్కోవచ్చండి. పెళ్ళివారిని వానలో నిలబెడతామా? రమ్మనండి."

నాన్నే మంచాలు ఎత్తి గోడకి చేరేశారు. మమ్మల్ని చూసి, పక్కింట్లో ఒంటరిగా ఉండే చర్చి స్కూలు రిటైర్డు టీచరుగారు తన తలుపు తీశారు. ఆ పక్కవాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు తీశారు. కాసేపటికి వీధిలో మూసిన గేటంటూ లేదు. టీచరుగారు గొడుగు కింద నిలబడి, ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో క్లాసులో చెప్పినట్టే చెప్పారు. నేనూ మరికొందరు ఆడపిల్లలమూ పొగలు కక్కే బిరియానీ ఇంటింటికీ మోశాం. నాన్న గుండిగకి గొడుగు పట్టి తను తడిశారు. మా ముందుగదిలో అన్నం తింటూ పెళ్ళికొడుకు బాబాయి ఆయన్ని అడిగాడు.

"మీరు అమ్మాయికి ఏమవుతారండి?"

ఎదురింటాయనతో ఏళ్ళ తరబడి పొడిగా తల ఊపడమే తప్ప మాట్లాడని మా నాన్న తడుముకోకుండా చెప్పారు.

"మామయ్యనండి."

గుమ్మంలో నిలబడి టైలరుగారు ఆ మాట విన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వడ్డనలో పడ్డాడు. నాకైతే ఏదో గెలిచినట్టు ఒళ్ళు పులకరించింది.

సాయంత్రం రైలుకి అమ్మాయిని సాగనంపడానికి వీధి వీధంతా స్టేషనుకి నడిచింది. ప్లాట్‌ఫారం మీద మగపెళ్ళివారికంటే మేమే ఎక్కువమంది ఉన్నాం.

మర్నాడు చూస్తే ఎవరింటి గిన్నెలు ఎవరింట్లో ఉన్నాయో తెలియలేదు. ఆ వారమంతా గిన్నెలు మార్చుకునే వంకతో ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగారు. ఒక్క గిన్నె ఇచ్చొస్తానని ఎదురింటికి వెళ్ళిన అమ్మ పొద్దువాలినా రాలేదు. అమ్మా, టైలరుగారి భార్యా నవ్వే నవ్వులు మా వంటింట్లోకి వినిపిస్తుంటే, ఆ పూట అన్నం నాన్నే వండారు.