అతుకు విప్పించిన మనిషి

పోయిన బుధవారం పొద్దున మా మామ పోయారు. కోవిల్‌పట్టిలో, తన వెల్డింగ్ షెడ్డు వెనకున్న ఇంట్లో, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టిన కాసేపటికి. విరుదునగర్‌లో నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే అత్త ఫోను చేసింది. "మీ మామ ఎళ్లిపాయ పాపా. ఉన్నపాటున బయల్దేరు" అంది, అంతే. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వచ్చింది. ఆయన తప్పు చేయలేదన్న ఒక్క మాట ఎవరి నోటా వినకుండానే పోయారు.

మాది తమిళనాడులో మెట్ట ప్రాంతం. సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. అలాంటి ఊరి నుంచి పోయి మా మామ పద్దెనిమిదేళ్లు ఒక సర్కారు షిప్‌యార్డులో నౌకాదళం ఓడలకు వెల్డింగ్ చేశారు. పర్మనెంటు కాదు, కాంట్రాక్టరు మనిషి. పర్మనెంటు వెల్డర్లు రిటైరవుతున్న కొద్దీ ఆ ఖాళీల్లో ఇలాంటివాళ్లనే నింపారు. పని ఒకటే, పొగ ఒకటే, గేటు పాసు రంగు మాత్రం వేరు.

అక్కడ మొట్టమొదటి పరీక్షలో ఆయన తప్పారు. వెల్డింగ్ రాడ్డు పైన పూత ఉంటుంది, అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. కాబట్టి రాడ్లను వేడి పెట్టెలో ఉంచి, వేడి వేడిగా తీసి వాడాలి. మా ఊళ్లో కట్ట విప్పి అలమరలో పడేసినా వాటికేమీ కాదు, ఇక్కడి ఎండ అలాంటిది. సముద్రం ఒడ్డున కూడా ఆయన అలాగే పడేశారు. పరీక్షలో అతికిన రేకును వంచి చూస్తే అతుకు ఫట్‌మని విచ్చుకుంది. సంగతి విని మా అమ్మ ఫోనులో నవ్విందట. "అగ్గిపెట్టెలు చేసే ఇంట్లో పుట్టి నీకు నెమ్ము సంగతి ఇంకొకరు చెప్పాల్నారా? వాన దినాల్లో పుల్ల గీస్తే ఏమయితాదో చూళ్లేదా?"

ఈ కథ మామే అందరికీ చెప్పేవారు. "మా అక్క అడిగిందానికి ఈ పొద్దుకీ నా దగ్గర బదులు లేదు" అనేవారు. ఆ తర్వాత చేత్తో తాకి వేడి చూడకుండా ఆయన ఒక్క రాడ్డు కూడా వాడలేదు. ఊరికి తిరిగొచ్చాక కూడా పాత డ్రమ్ములో బల్బు వెలిగించి అందులోనే రాడ్లు పెట్టేవారు. "ఏమి మామా, కమ్మీలకు చలేస్తాదా?" అని టీకొట్టాయన వెక్కిరిస్తే, "నీకు వెయ్యదా? అట్లే" అనేవారు.

ఆయన ఊరికి ఎందుకు తిరిగొచ్చారో చెప్పాలి. ఒక ఓడకు బయటి దేశం నుంచి రావలసిన గేర్‌బాక్సు నెలల తరబడి రాలేదు. అది లోపలికి దిగాలి కనక ఓడ పక్క రేకు మూయకుండా అలాగే తెరిచి ఉంచారు. చివరికి అది వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి, ఓడను నీళ్లలోకి దించే ముహూర్తం కూడా ఖాయమైపోయింది. రాడ్లు వేడిచేసే పెట్టె చెడిపోయి ఉంది. ఉన్నవాటితోనే కానివ్వమన్నాడు కాంట్రాక్టరు సూపర్‌వైజరు. మామ రాడ్డు తాకి చూసి కింద పెట్టేశారు. వేరేవాళ్లు అతికించారు. మర్నాడు మామ నేరుగా నౌకాదళం తరఫున తనిఖీ చేసే అధికారి దగ్గరికి పోయి చెప్పారు. ఎక్స్‌రే తీస్తే అతుకు లోపలంతా బుడగలు, ఒకచోట సన్నటి పగులు. మొత్తం కోసి మళ్లీ అతికించారు. ముహూర్తం తొమ్మిది రోజులు వెనక్కి పోయింది. ఆ నెలలోనే మామ దగ్గర్నుంచి గేటు పాసు లాగేసుకున్నారు, ఆలస్యానికి కారణం ఈయనే అన్నారు. నెలల తరబడి రాని గేర్‌బాక్సుకు మాత్రం ఎవరి ఉద్యోగమూ పోలేదు.

చుట్టాలు ఊరుకుంటారా? ఏదో దొంగతనం చేసుంటాడనీ, తాగి పనికి పోయుంటాడనీ పెళ్లిళ్లలో గుసగుసలాడారు. ఎవరైనా మొహం మీదే అడిగితే ఆయన దాచలేదు. "అవును, షిప్పు నా వల్ల లేటాయ. తొమ్మిది దినాలు. రాసుకో" అనేవారు.

టీవీలో ఎవరైనా మన షిప్‌యార్డులకు చేతకాదు, బయట కొనుక్కుందాం అన్నారా, ఆయన చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయేది. "ఎంజిను దేశం దాటి రావల్ల. ఇనప రేకు చెప్పిన కొలతకి రాదు. సగం కట్టినాక డ్రాయింగు మారుస్తారు. పని తెలిసినోడు రిటైరయి పోతే ఆ చోట పర్మనెంటు మనిషిని వెయ్యరు. ఇన్నీ చేసి లేటేమిటికి అంటారు. ఇంత అయినాక కూడా కడతా ఉండాము కదా, అది చెప్పడేం వాడు?" ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "మీ పాసు పీకినోళ్ల తరఫున ఎందుకు మామా వాదిస్తారు?" అని. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "పీకింది కాంట్రాక్టరు పాపా. షిప్పు వాడి సొత్తా?"

దుఃఖం సరే, ఆ ఇంట్లో ఇంకో పేచీ కూడా జరిగింది. మా వైపు మనిషి పోతే గోడలకు పోస్టర్లు వేస్తారు. మామ అన్న, అంటే మా పెద్దమామ, కాగితం మీద వివరాలు రాసుకుంటూ పేరు కింద 'షిప్‌యార్డు వెల్డర్, రిటైర్డ్' అని వేశారు. అత్త ఆ కాగితం లాక్కుంది.

"ఎప్పుడు రిటైరయినాడు బావా? తరిమినారు. అదే వెయ్యి."

"ఊరంతా చూస్తాదమ్మా. మానం పోతాది."

"ఎవరి మానం? నెమ్ము కమ్మీలతో అతికించమన్నోళ్లదా, వద్దన్నోడిదా?"

పెద్దమామ నావైపు చూశారు, టీచరమ్మ కదా, సర్దిచెబుతుందేమోనని. నేను అత్త పక్కన కూర్చుని కలం తీసుకున్నాను. ఆమె చెప్పినదాన్ని అరవంలో రాశాను. మేం తెలుగు మాట్లాడతామే కానీ మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఈ వ్యాసం కూడా మామ చదవగలిగేవారు కాదు. ప్రెస్సతను రెండుసార్లు ఫోను చేసి, నిజంగా ఇదే వెయ్యాలా అని అడిగాడు. వెయ్యమంది అత్త.

మరుసటి రోజు నేను విరుదునగర్ బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురు గోడ మీద మామ ఫొటో. కూరగాయల గంప దించుకున్న ఒక పెద్దావిడ, పక్కనున్న కాలేజీ అమ్మాయిని ఏం రాసుందో చదవమంది. ఆ అమ్మాయి చదివింది: "నౌకాదళం ఓడలో చెడ్డ అతుకును విప్పించినందుకు పనినుంచి తరిమేసిన వెల్డరు." పెద్దావిడ ఫొటో వైపు చూసి, సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి గట్టిగా చదవమంది. ఈసారి ఆ అమ్మాయి గొంతెత్తి చదువుతుంటే, బస్టాపులో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే గోడ వైపు తిరిగారు.