సాయవ్వ కోళ్లకు ఆశ లేదు

మా పక్కింటి సాయవ్వ తన జీవితంలో దేని మీదా ఒక్కసారి కూడా ఆశ పెట్టుకోలేదు. వాన మీద గానీ, బస్సు మీద గానీ, పొయ్యి మీద పప్పు మీద గానీ. కుక్కరు మూడు కూతలు కూసినా "ఉడకది బిడ్డా, ఇగ ఆశ లేదు" అనేది. మూత తీశాక పప్పు వెన్నలా ఉంటే, "గింత మెత్తగైనంక ఏం తింటం" అని నిట్టూర్చేది.

ఆమె ముప్పై ఏళ్లు బోధన్‌లో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసింది. మంచం పక్కన నిలబడి, రోగి మొహంలోకి తేరిపార చూసి, "ఆశ లేదు" అని తల అడ్డంగా ఊపి, బకెట్ తీసుకుని వెళ్లిపోయేది. ఆ మాట విన్న రోగులు భయానికో కోపానికో లేచి కూర్చునేవారు. పోను పోను ఊళ్లో ఒక నమ్మకం పుట్టింది, సాయవ్వ ఆశ వదిలేస్తే మనిషి బతుకుతాడని. భార్యకు ఆపరేషనైన రోజు భీమన్న అనే ఆయన ఆమెను వరండాలో పట్టుకుని బతిమాలాడట.

"అవ్వా, మా ఇంటామెను ఒక్కపారి సూసి ఆశ లేదనరాదు?"

"జరుగయ్యా, పనున్నది" అని సాయవ్వ విసుక్కునేసరికి భీమన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆమె జాలిపడి వెనక్కి వచ్చి, లోపలికి తొంగి చూసి, "ఆశ లేదు పో" అన్నాకే క్యాంటీన్‌కు వెళ్లి ఇంత అన్నం తిన్నాడు.

నేను ఆమె చేతికి చిక్కింది పోయినేడు మార్చిలో.

అంతకుముందు ఆరేళ్లు నిజామాబాద్‌లో ఒక గదిలో ఉండి సర్కారు నౌకరీ పరీక్షలకు చదివాను. మూడుసార్లు రాశాను. మూడోసారి రెండు మార్కుల్లో పోయింది. పుస్తకాలు రెండు సంచుల్లో కట్టుకుని బోధన్ బస్సెక్కి, రాకాసిపేటలో మా ఇంటికి వచ్చి, నా గది తలుపు వేసుకున్నాను. నాకు ముప్పై మూడేళ్లు. మా అమ్మ ఉమారాణి గడప దగ్గర అన్నం పెట్టేది, గంటాగి అదే అన్నం తీసుకుపోయేది. పొద్దున కళ్లు తెరవగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. లేచి ఏం చేయాలో తెలిసేది కాదు. అసలు లేవకపోతే ఏమవుతుందని కూడా చాలాసేపు ఆలోచిస్తుండేవాణ్ని.

అలాంటి రోజుల్లో సాయవ్వ కూతురు లిడియా అక్క, తన స్కూటీకి ఎండ తగలకుండా ఫోనులో ఒక రెడీమేడ్ టెంటు తెప్పించింది. నాలుగు ఇనుప కాళ్లు, పైన కత్తెరలా ముడుచుకునే పైపులు, వాటి మీద నీలం గుడ్డ. "గాలికి ఆగది, ఆశ లేదు" అంది సాయవ్వ. ఈ ఒక్క విషయంలో ఆమె మాట అక్షరాలా నిజమైంది. మూడోనాడు గాలిదుమారానికి గుడ్డ లేచిపోయి చెరుకు తోటల వైపు ఎగిరిపోయింది. ఫ్రేము మాత్రం వాకిట్లో అస్థిపంజరంలా మిగిలింది.

తెల్లారి గోడ మీంచి కేక వినిపించింది.

"భానూ! లోపట గూసొని ఏంజేస్తున్నవ్‌రా?"

"ఏం లేదవ్వా."

"మంచిది. నాకు గూడ ఏం లేదు. ఇటు రా."

ఆమె నోరు మూయించడానికే వెళ్లాను. సాయవ్వ ఫ్రేము చుట్టూ తిరుగుతూ దాన్ని కూడా ఆసుపత్రిలో రోగిని చూసినట్టే చూస్తోంది.

"గిది పాడెకు గూడ పనికిరాదు. దీన్ని కోళ్ల గూడు జెయ్యాలె. ఎట్లనో నాకు తెల్వది. నువ్వు సదువుకున్నోనివి."

"నా సదువుల కోళ్ల గూడు లేదవ్వా."

"మరేమున్నదిరా ఆరేండ్ల సదువుల?"

చొక్కా చేతులు పైకి మడిచి పని మొదలుపెట్టాను.

లింబయ్య హార్డ్‌వేర్ షాపు నుంచి కోళ్ల జాలి, బైండింగ్ వైరు తెచ్చాను. ఫ్రేము తేలికది, మళ్లీ గాలొస్తే కోళ్లతో సహా లేచిపోతుందని నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి నాలుగు కాళ్లనూ వాటికి కట్టాను. కుక్కలు తవ్వకుండా జాలి అంచును జానెడు లోతున పాతి ఇటుకలు పేర్చాను. గద్దలు రాకుండా పైన గ్రీన్ నెట్ పరిచాను. ఒక పక్క వెదురు బద్దలతో తలుపు. నాలుగు రోజులు పట్టింది. చేతుల నిండా గీతలు. ఆ నాలుగు రోజులూ ఆకలికి తట్టుకోలేక అన్నం తిన్నాను.

సాయవ్వ సంతకు పోయి మూడు పెట్టలు, ఒక పుంజు తెచ్చింది. ఒక్కొక్కదాన్నీ గూట్లోకి వదులుతూ దాని ఆయుష్షు చెప్పింది.

"గిది శుక్రవారం దాక ఉండది. గిది ఐతారం ఎల్లది. గీ నల్లది ఈస్టర్ సూడది. ఇగ పుంజంటవా, రేపటికి గూడ ఆశ లేదు."

అవే వాటికి పేర్లయ్యాయి. శుక్రవారం, ఐతారం, ఈస్టర్, రేపు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలు బయటివాళ్లకు అర్థమయ్యేవి కావు. "శుక్రవారం ఐతారాన్ని పొడుస్తున్నది" అనేది సాయవ్వ. "రేపు ఎక్కడున్నడే?" అని లిడియా అక్క అడిగితే, "రేపు గోడెక్కిండు, ఇగ దొరకడు" అనేది.

కోళ్లు మాత్రం నిక్షేపంగా బతికాయి. చావాల్సిన శుక్రవారం నాడే శుక్రవారం గుడ్డు పెట్టింది.

అసలు కష్టం గూటితో వచ్చింది. మర్నాడు పొద్దున్నే గోడ మీంచి కేక.

"భానూ! ఖతమైంది! ముంగిసొచ్చి జాలి ఇప్పింది!"

వెళ్లి చూస్తే ఒక మూల వైరు ఊడి ఉంది. కోళ్లు మాత్రం నాలుగూ ఉన్నాయి. ముడి మళ్లీ వేశాను. తెల్లారి ఇంకో మూల. ఆ తెల్లారి తలుపు. రెండు ముడుల చోట మూడు, మూడు చోట ఐదు వేశాను. వైరు రెండు పేటలు మెలేశాను. రాత్రి పడుకున్నప్పుడు కూడా నా బుర్రలో ముంగిసే తిరిగేది. వైరు కొనడానికి మాటిమాటికీ వెళ్తుంటే లింబయ్యకు ఆశ్చర్యమేసి స్వయంగా వచ్చి గూడు చూశాడు. "మా తోటల గూడ గిసుంటిది ఒకటి కడ్తవా?" అని అడిగాడు. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్న పని అట్లా మొదలైంది. ఆ రోజు మాత్రం నాకా సంగతి తెలియదు. "సూద్దాం" అనేసి వచ్చాను.

నాకు బాగయిందని కాదు. గూడు కట్టిన పదహారో రోజున, నిజామాబాద్‌లో నాతో గదిలో ఉన్న అఖిలేష్ తన నౌకరీ ఆర్డరు ఫొటో పంపాడు. "కంగ్రాట్స్" అని పెట్టి, ఫోను బోర్లించి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. సాయవ్వ మూడు కేకలు వేసింది. లేవలేదు. ముంగిస మొత్తం గూడు ఎత్తుకుపోయినా లేవదల్చుకోలేదు.

కాసేపటికి తలుపు తోసుకుని ఆమే వచ్చింది. చంకలో శుక్రవారం.

"దీనికి ఇగ ఆశ లేదు. నా కండ్ల ముంగట పోతె నేను సూడలేను. నీ కాడ పెట్టుకో" అని నేల మీద వదిలి వెళ్లిపోయింది.

శుక్రవారం గదంతా కలియదిరిగింది. పుస్తకాల సంచి ఎక్కింది. పైనున్న భారతదేశ చరిత్ర మీద సర్దుకుని కూర్చుంది. ఒళ్లు ముడుచుకుని, నన్ను అసహ్యంగా చూస్తూ, గుడ్డు పెట్టింది. ఆరేళ్లలో ఆ పుస్తకం నుంచి నాకొచ్చిన మొదటి ఫలితం అది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నేను ఏడుస్తున్నాననుకుని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గడపలో నిలబడిపోయింది. ఆ పూట గుడ్డు అట్టేసి, ఇద్దరం కలిసి తిన్నాం.

ఇక ఆ ముంగిస అంతు చూడాలనుకున్నాను. మర్నాడు తెలతెలవారుతుండగా కర్ర పట్టుకుని మా గోడ చాటున కూర్చున్నాను. కాసేపటికి గూటి దగ్గర అలికిడైంది. మెల్లగా తల ఎత్తి చూశాను.

సాయవ్వ పీట వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో కటింగ్ ప్లేయర్. నేను వేసిన ఐదు ముడుల్ని ఒక్కొక్కటే విప్పుతోంది. మధ్యమధ్యలో వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదుకుంటోంది.

"ఎంత గట్టిగ కట్టిండు పోరడు! చేతులు వాయవట్టె. ఇగ నాతోటి కాదు" అని గొణుక్కుంటోంది.

లిడియా అక్క తలుపులో నిలబడి నెమ్మదిగా అంది.

"ఇంకెన్ని దినాలే అమ్మా? నిజంగనే ముంగిసొస్తే కోళ్లు పోతయి."

"పోతె పోనీ" అంది సాయవ్వ, తలెత్తకుండానే. "కోళ్లు సంతల మల్ల దొర్కుతయ్."

కర్ర చప్పుడు కాకుండా కింద పెట్టి, వంగి నడుచుకుంటూ గదిలోకి వెళ్లి పడుకున్నాను. పైకప్పు చూస్తూ ఎదురుచూశాను. చాలాసేపు పట్టింది. ఐదు ముడులు కదా.

"భానూ! మల్ల అచ్చింది! ఇగ ఖతం!"

వెళ్లాను. కంత దగ్గర కూర్చుని వైరు చేత్తో పట్టుకుని చూశాను. ఆమె చేతులు రెండూ కొంగు కింద దాచుకుని నిలబడింది.

"అవ్వా, ఈ ముంగిసకు వయసు మీదవడ్డట్టున్నది."

సాయవ్వ అనుమానంగా చూసింది. "నీకెట్ల ఎర్క?"

"సూస్తె తెలుస్తలేదా? పాపం, మస్తు కష్టపడ్డది."

ఆమె గూటివైపు చూసి పెద్దగా నిట్టూర్చింది.

"దానికి గూడ ఆశ లేదు బిడ్డా."

ఆ రోజు ముడులన్నీ వదులుగా వేశాను.