పెదవికి ఆనించిన స్ప్రింగు

ఇప్పుడు స్ప్రింగులు ప్యాకెట్లలో వస్తున్నాయి, పాడైతే పారేసి కొత్తది వేయడమే. అయినా నేను ఫ్యాను కట్టేసి, కింద తెల్లదుప్పటి పరిచాకే మైక్రోస్కోపు విప్పుతాను. కొత్తగా చేరినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్లు మా పెదనాన్నని చూడలేదు.

ఈ ప్రయోగశాలలో ఆయన ముప్పై నాలుగేళ్లు మెకానిక్. మైక్రోస్కోపులో గాజుపలక కదలకుండా పట్టే స్ప్రింగు బియ్యపుగింజంత ఉంటుంది. బిగువెక్కువైతే పలక పగులుతుంది, తక్కువైతే జారిపోతుంది. పెదనాన్న దాన్ని రవ్వంత సాగదీసి, కింది పెదవికి ఆనించి నొక్కి చూసేవాడు. "వేళ్లు కాయలు కాచిపోయాయే, వాటికేం తెలుస్తుంది" అనేవాడు. ఆయన దగ్గరే నేను సహాయకురాలిగా చేరాను. ఎంత హాయిగా ఉండేవో ఆ రోజులు.

ఆఖరి ఏడాది మాత్రం నాకు ఒళ్లు మండిపోయేది. సరిగ్గా స్ప్రింగు తీసే వేళకి "అమ్మాయ్, కాస్త టీ పట్టుకురా" అనేవాడు. సొంత తమ్ముడి కూతురి దగ్గర కూడా పనితనం దాచుకుంటున్నాడని ఇంట్లో అమ్మ ముందు గొంతు చించుకునేదాన్ని.

ఒకరోజు క్యాంటీను మూసి ఉంటే వెంటనే తిరిగొచ్చాను. ఆయన చేతిలో పట్టకారు గజగజ వణుకుతోంది. స్ప్రింగు దుప్పటి మీద పడి ఉంది.

"చూసేశావా" అన్నాడు. "పెద్దసారుకి తెలిస్తే స్టోరులో కూర్చోబెడతారే. ఎనిమిది నెలలే కదా, ఈ బల్ల దగ్గరే రిటైరవ్వాలని నా ఆశ."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇన్నాళ్లూ ఆయన్ని ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే సిగ్గేసింది.

"లే పెదనాన్నా, నేను చేస్తా. రిజిస్టరులో నీ పేరే రాసుకో."

నేను మొదటిసారి బిగించగానే పలక పుటుక్కున పగిలింది. "నీ కోపమంతా దాని మీద చూపిస్తే ఎలాగే" అని నవ్వాడు. స్ప్రింగును కాస్త కుదించి పెదవికి ఆనించాను. ఇంకా గట్టిగానే ఉంది. మూడోసారికి మెత్తగా తగిలింది. పలక కదల్లేదు, పగల్లేదు.

పెదనాన్న రిజిస్టరు తీసి, వంకరటింకర అక్షరాలతో 'సరిచేసినవారు' అన్నచోట నా పేరు రాశాడు. శనివారం పెద్దసారు అది చూసి అడిగితే, "మా అమ్మాయే చేసింది సార్, నాకు చేతులు వణుకుతున్నాయి" అని చెప్పేశాడు.

సోమవారం ఆయన కుర్చీ స్టోరుకి వెళ్లింది.

"నీకేం తిక్క పెదనాన్నా?" అని ఆయన ముందే ఏడ్చాను.

"ఇన్ని నెలలూ నీ చేత ఊరికే టీ మోయించాను. నీ పనిక్కూడా నా పేరేనా?" అన్నాడు.

ఆ ఎనిమిది నెలలూ నాలుగు గంటలకల్లా స్టోరుకి టీ పట్టుకెళ్లాను, ఆయన అడక్కుండానే.