ఊ కొట్టిన చెయ్యి

పిల్లలు ఆవిడని ల్యాబక్క అనేవాళ్లు. హాజరు పట్టీలో మాత్రం "తాత్కాలిక సహాయకురాలు" అని ఉండేది. పందొమ్మిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషిని తాత్కాలికం అనడానికి నోరెలా వచ్చిందో ఆ కాలేజీ వాళ్లనే అడగాలి.

ల్యాబులో నలభై కంప్యూటర్లు, వెనక గదిలో వాటన్నిటినీ నడిపే ఒక సర్వర్. అన్నీ లినక్స్ మీద నడిచేవే, అన్నీ ముసలివే. పిల్లలు నేర్చుకునే ప్రోగ్రామింగ్ భాషకి కొత్త వెర్షన్ వచ్చిందంటే అక్కకి తలప్రాణం తోకకొచ్చేది. కొత్త కంప్యూటర్లకైతే అది కుట్టిన చొక్కాలా తయారుగా దొరుకుతుంది. ఈ ముసలివాటికి ఆ కొలత పట్టదు. సోర్స్ కోడ్ అనే గుడ్డ తెచ్చుకుని, ఈ సర్వర్ ఒంటికి తగ్గట్టు ఇక్కడే కుట్టుకోవాలి. ల్యాబు భాషలో దాన్ని కట్టడం అంటారు. మొదటిసారి పదకొండు రోజులు పట్టింది. తను ఆధారపడే ఏదో లైబ్రరీ ప్రోగ్రాం లేదంటుంది. అది తెచ్చి పెడితే దానికి ఇంకోటి కావాలంటుంది. అన్నీ అమర్చాక మూడు గంటలు బుద్ధిగా నడిచి, చివర్లో చతికిలపడుతుంది. ఎక్కడ ఆగిందో, ఏం చేస్తే కదిలిందో అక్క ఒక నోటుబుక్కులో రాసుకునేది.

అసలు పని మొదలవ్వకముందే ఆ కట్టిపెట్టే ప్రోగ్రాం డెబ్భై ఎనభై ప్రశ్నలు వేస్తుంది. ఎక్కడ పెట్టమంటారు, ఏ కంపైలర్ వాడమంటారు, ఇలా. ప్రతిదానికీ జవాబు కూడా తనే ఊహించి చూపిస్తుంది. సరేనంటే ఎంటర్ నొక్కాలి. "కడుతున్నది ఎవరు?" అనేది కూడా వాటిలో ఒకటి. సర్వర్‌లో ఎవరి ఖాతా తెరిచి కూర్చుంటే వాళ్ల పేరే జవాబుగా చూపిస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా వెర్షన్ వివరాలు అడిగితే, కట్టిన తేదీతో పాటు ఆ పేరూ తెర మీదికొస్తుంది. పందొమ్మిదేళ్లలో చేసిన పని పక్కన అక్క పేరు రాసి ఉన్న చోటు అదొక్కటే.

"రోజంతా ఏం చేస్తావమ్మా అక్కడ?" అని అత్తగారు అడిగేది.

"అది అడుగుతూ ఉంటుంది అత్తయ్యా, నేను ఊ కొడుతూ ఉంటాను."

"మా ఇంట్లో నేనూ అదే చేశాను, ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు మరి!" అని ఆవిడ నవ్వేది.

సర్వర్‌లో అందరికీ పనికొచ్చే చోట ఏదైనా పెట్టాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది సిస్టమ్ మేనేజర్ దగ్గర ఉండేది. ఆయన ప్రిన్సిపాల్‌గారి బావమరిది. ఆ పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకు తిరిగేవాడు గానీ, దానితో చేయాల్సిన పని దరిదాపులకి ఎన్నడూ పోలేదు. అక్క అడిగినప్పుడల్లా "తాత్కాలికం వాళ్లకి ఇవ్వకూడదమ్మా, రూల్స్" అనేవాడు. అందుకని ఆవిడ ఆ భాషని తన సొంత ఫోల్డర్‌లోనే కట్టింది. నలభై కంప్యూటర్లూ అక్కడినుంచే వాడుకునేవి.

ఈ ఏడు కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం చెప్పేంత మర్యాద కూడా దక్కలేదు. అదృష్టం కొద్దీ వేరే శిక్షణ కేంద్రం వాళ్లు పిలిచారు. "ఈ పనంతా మీరే చేశారని కాలేజీ నుంచి ఒక కాగితం తెండి, వెంటనే చేరిపోండి" అన్నారు. ఆ కాగితం కోసం అక్క మూడుసార్లు ప్రిన్సిపాల్ గది గుమ్మం తొక్కింది. మూడుసార్లూ "రాద్దాం లేమ్మా" అన్నాడాయన.

ఈలోగా మేనేజర్‌కి శుభ్రత మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మానేసినవాళ్ల ఖాతాలన్నీ తుడిచేశాడు. అక్క ఫోల్డర్ కూడా పోయింది. మర్నాడు పొద్దున నలభై తెరలూ ఒకే మాట: అలాంటి కమాండ్ లేదు. ప్రాక్టికల్ పరీక్షలు ఆ పైరోజే.

"అక్కా, ఒక్కసారి రాగలవా?" అని ఫోన్ చేశాడు మేనేజర్. ఆయన నోటివెంట అక్క అనే మాట రావడం అదే మొదలు.

అక్క తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. "కాగితం ఇస్తానంటేనే చేస్తానండి."

"సంతకం పెట్టేస్తానమ్మా, ముందు పని కానీ!"

ఆవిడ ఖాతా లేదు కాబట్టి మేనేజర్ తన ఖాతా తెరిచి కూర్చోబెట్టాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం అటు తిరిగి కూర్చోమన్నాడు. అక్క తిరిగి కూర్చుంది. తర్వాత నోటుబుక్కు తెరిచి, ఏడు గంటలు కుర్చీ దిగకుండా, ఈసారి అందరికీ పనికొచ్చే సరైన చోట కట్టింది. ఎక్కడో ఒక చిన్న మెలిక వదిలేసి ఉంటే మళ్లీ మళ్లీ ఆవిడ కాళ్ల దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ ఆలోచనే రాలేదావిడకి. తలుచుకుంటే మనకే ఒళ్లు మండుతుంది. సాయంత్రానికి నలభై కంప్యూటర్లూ లేచి కూర్చున్నాయి. ప్రిన్సిపాల్ అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు.

పరీక్షలు అయ్యాక పిలిపించాడు. "కాగితం ఇవ్వాలంటే కాలేజీ కమిటీ రుజువు అడుగుతోందమ్మా, నువ్వే కట్టావని."

"సర్వర్‌నే అడగండి సార్, చెప్తుంది" అంది అక్క ధీమాగా.

మేనేజర్ కమాండ్ కొట్టాడు. తేదీ వచ్చింది. దాని కింద కట్టినవారి పేరు వచ్చింది. అది మేనేజర్ పేరు.

అక్కకి అప్పుడు వెలిగింది. ఏడు గంటల్లో కడుతున్నది ఎవరన్న ప్రశ్న కూడా వచ్చే ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా దానికి జవాబు తన పేరే. చూసే పని లేకుండా చెయ్యి ఎంటర్ నొక్కేసింది.

"మీరు చెప్పండి సార్, ఆ రోజు కూర్చున్నది ఎవరు?" అంది మేనేజర్ వైపు తిరిగి. ఆయన బావగారి వైపు చూశాడు. అక్క నోటుబుక్కు ముందుకి జరిపింది.

"పుస్తకం ఎవరైనా రాసుకోవచ్చమ్మా. మెషిన్ అబద్ధం చెప్పదు కదా" అన్నాడు ప్రిన్సిపాల్. ఆవిడని కూర్చోబెట్టి పని చేయించుకున్నది ఆయనే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు.

కాగితం ఇచ్చారు. ఇంటికి రాగానే అత్తగారు ఎదురొచ్చింది.

"ఇచ్చారా? చదువు మరి."

"ప్రయోగశాల తలుపులు తీయుట, మూయుట, కంప్యూటర్లపై దుమ్ము తుడుచుట."

"అదేంటమ్మా, ఆ కంప్యూటరు నీ పేరు చెప్తుందన్నావుగా?"

"కట్టేది ఎవరని అది అడిగే ఉంటుంది అత్తయ్యా. ఈసారి ఆ మేనేజర్ పేరు చూపించి అడిగింది. నేను ఊ కొట్టాను."